ఉత్తర వేల్స్ కోటలు, మఠాలు, జమీందారీ మేడలు: ఎలా చూడాలి

మాంచెస్టర్ నుంచో లివర్‌పూల్ నుంచో పొద్దున్నే కారెక్కి, కాన్వీ, కైర్నార్వన్, బ్యుమారిస్ మూడు కోటలూ చూసేసి, వీలైతే హార్లెక్ కూడా కానిచ్చి రాత్రికి ఇల్లు చేరాలని చాలామంది లెక్క వేసుకుంటారు. మ్యాపులో దూరాలు చూస్తే తప్పేం కనిపించదు. తేడా మెట్ల దగ్గర వస్తుంది. మొదటి కోటలో నాలుగు బురుజులు ఎక్కి దిగేసరికి మోకాళ్లు మొరాయిస్తాయి. మూడో కోటకొచ్చేసరికి లోపలికెళ్లి ఫొటో దిగి బయటికి రావడమే మిగులుతుంది.

రోజుకి ఒక పెద్ద కోట చాలు. దానికి జతగా ఒక చిన్న చోటు పెట్టుకోండి: ఒక మఠమో, ఒక మేడో, ఎవరూ ఆగని ఒక మొండి బురుజో. ఇది కాళ్ల మీద జాలితో మాత్రమే చెప్పే మాట కాదు. పెద్ద కోటలు 13వ శతాబ్దం చివర ఈ దేశాన్ని గెలుచుకున్న ఇంగ్లండ్ రాజు ఒకటవ ఎడ్వర్డ్ కట్టించినవి. మఠాల్లో చాలావాటిని పోషించింది అతని చేతిలో ఓడిన వేల్ష్ రాజవంశాలు. మేడల వెనక ఉన్నది ఆ తర్వాతి శతాబ్దాల డబ్బు: పలక గనులు, జమైకా చక్కెర, ఇండియా. కోటల మీద కోటలు చూస్తే ఒక్క ఎడ్వర్డ్ గొంతే వినిపిస్తుంది.

టికెట్టు కొనేముందు

ఇక్కడ అడుగడుగునా వినిపించే రెండు మాటలూ మన చెవికి నిరాకరణల్లాగే ఉంటాయి. మఠాన్ని ఇంగ్లిష్‌లో ‘అబ్బే’ అంటారు. పాత కట్టడాలను చూసుకునే వేల్స్ ప్రభుత్వ విభాగం పేరు ‘కాదూ’. వేల్ష్‌లో ఆ మాటకి కాపాడటం అని అర్థం.

శిథిల కోటలు, మఠాలు ఎక్కువగా ఈ కాదూ చేతిలో ఉన్నాయి. పైకప్పు, సామాను చెక్కుచెదరని పెద్ద మేడలు ఎక్కువగా నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థవి. ఒకరి కార్డు ఇంకొకరి దగ్గర చెల్లదు. ట్రస్ట్ కార్డు చూపించి కాన్వీ కోటలోకి వెళ్లబోయి గుమ్మంలో డబ్బులు కట్టేవాళ్లు రోజూ కనిపిస్తారు. ఇంగ్లండ్‌లో ఉంటూ ఇంగ్లిష్ హెరిటేజ్ సభ్యత్వం తీసుకున్నవాళ్లకు మాత్రం కాదూ చోట్లలో మొదటి ఏడాది సగం ధర, సభ్యత్వం పొడిగించుకున్నాక ఉచితం. ఈ సంగతి తెలియక పూర్తి టికెట్టు కొనేవాళ్లే ఎక్కువ.

కాదూ వాళ్ల ఎక్స్‌ప్లోరర్ పాస్ రెండు రకాలు. ఒకటి ఏడు రోజుల్లో ఏవైనా మూడు రోజులు చెల్లుతుంది, రెండోది పద్నాలుగు రోజుల్లో ఏవైనా ఏడు రోజులు. మూడు పెద్ద కోటలు చూసే ఉద్దేశం ఉంటే పాస్ గిట్టుబాటవుతుంది, ఒకటో రెండో అయితే విడి టికెట్లే నయం. పిల్లలుంటే ముందు కుటుంబ టికెట్టు ధర కూడా చూడండి. అయిదేళ్లలోపు వాళ్లకు రెండు సంస్థల దగ్గరా టికెట్టు లేదు.

పార్కింగ్ వేరే లెక్క. కోటలు ఊరి నడిబొడ్డున ఉంటాయి కాబట్టి బండి పెట్టేది సాధారణంగా మునిసిపల్ స్థలంలో, గంటల లెక్కన డబ్బు కట్టి. పాస్ దానికి పనికిరాదు. ట్రస్ట్ మేడల దగ్గర సభ్యులకు పార్కింగ్ ఉచితం.

వేళలు ఏటా మారుతుంటాయి కాబట్టి ముందురోజు రాత్రి ఆ చోటు వెబ్‌సైట్ చూడటం తప్పదు. మారని సంగతులు కొన్నున్నాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కోటలు సాయంత్రం నాలుక్కే మూసేస్తారు, ఆఖరి ప్రవేశం అరగంట ముందు. క్రిస్మస్ మూడు రోజులు, జనవరి 1న అన్నీ మూత. మేడల్లో తోట పొద్దున్నే తెరిచినా ఇంటి తలుపులు పదకొండు ప్రాంతంలో గాని తెరవరు. ఎండాకాలంలో కూడా ఇంతే. కాబట్టి పొద్దున కోట, మధ్యాహ్నం మేడ. తిరగేస్తే రెండూ చెడతాయి.

దారి, పేర్లు

చెస్టర్ నుంచి ఏ55 రోడ్డు సముద్రం పక్కగా తిన్నగా కాన్వీ, బాంగర్ వైపు తీసుకెళుతుంది. ఆ రోడ్డు దిగగానే వేగం జాగ్రత్త. 2023 సెప్టెంబర్ నుంచి వేల్స్ ఊళ్లలో చాలా వీధులకు మామూలు పరిమితి గంటకు 20 మైళ్లు. ఇంగ్లండ్‌లో 30కి అలవాటుపడిన కాలు ఇక్కడ జరిమానా తెచ్చిపెడుతుంది. రోడ్డు మీద పెద్ద అక్షరాలతో ‘ఆరవ్’ అని రాసి ఉంటే నెమ్మదిగా వెళ్లమని.

కారు లేకపోయినా కాన్వీ, హార్లెక్, ఫ్లింట్ హాయిగా చూడొచ్చు. మూడింటి స్టేషన్లూ కోటకు కూతవేటు దూరంలో ఉంటాయి. కాన్వీ స్టేషన్ ఊరి ప్రాకారం లోపలే ఉంది. కాకపోతే అడిగితేనే రైలు ఆగే చిన్న స్టేషన్ అది. ఎక్కగానే గార్డుకు దిగాల్సింది ఇక్కడని చెప్పాలి, ఏ పెట్టెలో కూర్చోవాలో అడగాలి. కుదరకపోతే లాండుడ్నో జంక్షన్‌లో దిగి వంతెన మీదుగా ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు నడవండి. అక్కడి నుంచి కోట కనిపించే తీరు కోసం కావాలనే అలా దిగేవాళ్లున్నారు. జంక్షన్‌కీ లాండుడ్నో ఊరికీ వేర్వేరు స్టేషన్లు ఉన్నాయి, పొరబడకండి. కైర్నార్వన్, బ్యుమారిస్‌లకు మెయిన్ లైన్ రైలు లేదు. రెండింటికీ బాంగర్‌లో దిగి బస్సెక్కాలి.

‘ప్లాస్ నెవిద్’ దగ్గర దారి తప్పే ప్రమాదం ఎక్కువ. ప్లాస్ అంటే మేడ, నెవిద్ అంటే కొత్త. మన దగ్గర కొత్తపేటలు ఎన్నున్నాయో ఇక్కడ కొత్త మేడలూ అలాగే. ఆంగ్లెసీ దీవిలో ఒకటుంది, ట్రస్ట్‌ది. లాంగోలెన్ ఊళ్లో ఇంకొకటుంది: 1778లో ఐర్లండ్ వదిలి వచ్చి 1780లో ఇక్కడ కాపురం పెట్టిన ఇద్దరు స్నేహితురాళ్లు, ఎలినర్ బట్లర్, సారా పాన్సన్‌బీల ఇల్లు. రెండూ చూడదగ్గవే గానీ మధ్యలో గంటకు పైగా ప్రయాణం. ఫోన్‌లో పేరు కొట్టకుండా పోస్ట్‌కోడ్ కొట్టండి.

పేర్లు పలకడానికి నాలుగు సూత్రాలు చాలు. డబ్ల్యూ అక్షరం ఇక్కడ అచ్చు, ‘ఊ’ లాంటిది. ఒంటరి ఎఫ్ ‘వ’ అవుతుంది, అందుకే కైర్నార్వన్. జంట డీలు మన ‘ద’కు దగ్గర. జంట ఎల్‌ను మాత్రం నాలుకను ‘ల’ దగ్గర పెట్టి పక్కనుంచి గాలి ఊదినట్టు పలకాలి. మన ‘ళ’తో దానికి చుట్టరికం లేదు. బోర్డుల మీద ‘ఆర్ గై’ అని ఉంటే మూసి ఉందని అర్థం.

కాన్వీ మీద చెయ్యి తిప్పుకోండి

మొదటి కోటగా కాన్వీని తీసుకోవాలి. ఇక్కడ కోట, ఊరి ప్రాకారం రెండూ దాదాపు పూర్తిగా నిలిచి ఉన్నాయి. 1283లో మొదలుపెట్టి నాలుగైదేళ్లలో ముగించారు. ఎడ్వర్డ్ దగ్గర పని చూసింది ఆల్ప్స్ కొండల్లోని సవాయ్ నుంచి వచ్చిన మేస్త్రీ, మాస్టర్ జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్. ఖర్చు అప్పట్లోనే సుమారు 15,000 పౌండ్లు.

ముందు నది తూర్పు ఒడ్డు నుంచి చూడండి. పొద్దుటి ఎండ సరిగ్గా ఆ వైపు గోడ మీద పడుతుంది. నీళ్లు నిండుగా కావాలంటే ఆ రోజు పోటు ఎన్ని గంటలకో చూసుకోవాలి. పాటు సమయంలో బురుజుల కింద బురదే కనిపిస్తుంది. ఎనిమిది బురుజులూ ఒక్కలాగే కనిపిస్తాయి గానీ నదివైపు నాలుగింటి నెత్తిన మాత్రం చిన్న బురుజులు అదనంగా ఉన్నాయి. రాజు నివాసం ఆ నాలుగింటి మధ్య. లోపలికెళ్లకముందే ఇంటి యజమాని గది ఎటో తెలిసిపోయిందన్నమాట.

లోపల బయటి ఆవరణలో పొడవాటి సభామందిరం. కప్పు లేదు, దాన్ని మోసిన రాతి కమానుల్లో ఒకటి నిలిచి ఉంది. ఇక్కడ ఆగి గోడలు చదవడం నేర్చుకోవాలి. గోడ మధ్యలో గాల్లో వేలాడుతున్నట్టు పొయ్యి గూడు కనిపిస్తే, దాని ముందు ఒకప్పుడు చెక్క అంతస్తు ఉండేదని. వరసగా చదరపు గుంతలుంటే అవి దూలాల చివర్లు దూర్చినవి. బురుజు వెలుపలి వైపు చిన్న చిన్న బొక్కలు మెలికలు తిరుగుతూ పైకెళ్తాయి. అవి పరంజా కర్రలు గుచ్చినవి. ఇంగ్లండ్‌లో పరంజాను అడ్డంగా వరసలు వరసలుగా కట్టేవాళ్లు. ఇలా ఏటవాలుగా చుట్టూ తిప్పి, రాళ్లు పైకి మోసుకెళ్లే దారిగా వాడటం సవాయ్ మేస్త్రీల పద్ధతి. కట్టినవాళ్ల ఊరి పేరు గోడ మీద రాసి ఉన్నట్టే. బయటి రాళ్ల సందుల్లో అక్కడక్కడా తెల్లటి మరకలు చూస్తే అది సున్నం. ఈ బూడిదరంగు కోట ఒకప్పుడు తెల్లగా మెరిసేది.

రెండు ఆవరణల మధ్య రాతిలోకి తొలిచిన బావి లోతు 91 అడుగులు. దాన్ని దాటితే లోపలి ఆవరణ, రాజు రాణి గదులు. బురుజులన్నీ ఎక్కక్కర్లేదు. నది కోసం లోపలి ఆవరణలో ఒకటి, ఊరి కోసం బయటి ఆవరణలో ఒకటి ఎక్కితే సరి. దీనికి రెండు గంటలు పెట్టుకోండి.

ఆ తర్వాత ఊరి ప్రాకారం. టికెట్టు లేదు. పొడవు 1.3 కిలోమీటర్లు, బురుజులు 21. చుట్టూ పూర్తిగా నడిచే వీల్లేదు గానీ చాలా భాగం పైన నడవొచ్చు. కోటకు ఎదురు మూలన, అన్నిటికంటే ఎత్తున ఉన్న బురుజు దాకా వెళ్లి వెనక్కి తిరిగితే కోట, ఊరు, నది ఒక్క చూపులో వస్తాయి. దక్షిణపు గోడలో రాతి బ్రాకెట్ల మీద ముందుకు పొడుచుకొచ్చిన పన్నెండు అరలు వరసగా ఉన్నాయి, కింద నిలబడి లెక్కపెట్టండి. రాజుగారి కార్యాలయ సిబ్బంది కోసం కట్టిన మరుగుదొడ్లవి. పిల్లలకు ఎడ్వర్డ్ కంటే ఇవే ఎక్కువ గుర్తుంటాయి.

ఓపిక మిగిలితే ప్లాస్ మౌర్ అనే మేడ. రాబర్ట్ విన్ అనే వర్తకుడు 1576 నుంచి 1585 దాకా కట్టుకున్నది, ఎలిజబెత్ కాలపు రంగుల సున్నపు చెక్కడాలతో. చలికాలంలో మూసి ఉంటుంది, చూసుకుని వెళ్లండి.

మెట్ల సంగతి

బురుజుల్లో మెలికలు తిరిగే మెట్లు లోపలి వైపు సన్నగా, గోడ వైపు వెడల్పుగా ఉంటాయి. దిగేటప్పుడు అడుగు ఎప్పుడూ గోడ వైపే వెయ్యాలి, చెయ్యి తాడు మీద ఉండాలి. దెబ్బలు తగిలేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే. మధ్య మెట్లు అరిగి గుంటలు పడి ఉంటాయి, వాన కురిస్తే నీళ్లు వాటిలోనే నిలుస్తాయి. పిల్లలతో దిగుతుంటే పెద్దవాళ్లు కింది మెట్టు మీద ముందు నడవాలి. పైనుంచి మాటలు వినిపిస్తే ఆగి దారివ్వండి, మధ్యలో ఇద్దరు తప్పుకోవడానికి చోటుండదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే చీర, వెనక పట్టీ లేని చెప్పులు వద్దని ముందే చెప్పాలి. దిగేటప్పుడు కుచ్చిళ్లు కాలికింద పడతాయి. గొడుగు కూడా పనికిరాదు, బురుజు మీద గాలి రెండు నిమిషాల్లో దాన్ని తిరగేస్తుంది. టోపీ ఉన్న వానకోటు, రబ్బరు అట్ట బూట్లు. జూలైలో కూడా ఇదే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు బ్యుమారిస్ మేలు: చదునైన నేల, పచ్చిక మీద బెంచీలు, చుట్టూ అగడ్తలో బాతులు. కైర్నార్వన్‌లో రాజద్వారం దగ్గర 2023 నుంచి లిఫ్టు ఉంది, చక్రాల కుర్చీతో కూడా పైమిద్దె దాకా వెళ్లొచ్చు.

మిగతా మూడు పెద్దవి

కైర్నార్వన్‌కి నేరుగా వెళ్లొద్దు. ముందు లాన్‌బెరిస్ దగ్గర డోల్‌బాడర్న్ చూడండి, దారిలో ఇరవై నిమిషాల మలుపు. టికెట్టు లేదు, మరుగుదొడ్డీ లేదు. చెరువు మీద గుట్ట, గుట్ట మీద సుమారు 50 అడుగుల గుండ్రటి బురుజు. 13వ శతాబ్దం మొదట్లో వేల్ష్ రాజు మహా లెవెలిన్ కట్టించింది. కొండ దారిని కాపలా కాయడానికి ఒక రాజు దగ్గర ఉన్న శక్తి అంత. ఆ బురుజు కళ్లలో ఉండగానే కైర్నార్వన్ ముందు నిలబడితే, ఎడ్వర్డ్ ఎవర్ని భయపెట్టాలనుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు. రంగు రాళ్ల పట్టీలు, పలకలుగా చెక్కిన బురుజులు: కాన్‌స్టాంటినోపుల్ గోడల్ని తలపించాలని. రాజద్వారంలో అయిదు తలుపులు, గాడుల్లో పైనుంచి కిందికి జారే ఆరు జాలీ తలుపులు పెట్టాలని ప్లాన్. నడుస్తూ తలెత్తి చూస్తే పైకప్పులో బొక్కలు, పక్క గోడల్లో గాడులు కనిపిస్తాయి. తర్వాత ద్వారం దాటి లోపలివైపు నుంచి వెనక్కి చూడండి. గోడ చివర రాళ్లు పళ్లలా బయటికి పొడుచుకుని ఉంటాయి. అక్కడ ఇంకో గోడ అతకాల్సింది, అతకలేదు. 1330 దాకా కట్టినా పూర్తి కాలేదు.

బ్యుమారిస్ 1295లో మొదలైంది, వేల్ష్ తిరుగుబాటు అణచిన వెంటనే. 400 మంది రాతి మేస్త్రీలు, 2,000 మంది కూలీలు పనిలో ఉన్నారని ఆ పని చూసినవాళ్ల ఉత్తరంలో లెక్క ఉంది. తర్వాత డబ్బంతా స్కాట్లండ్ యుద్ధాలకు పోయింది. కోట సగం ఎత్తులో ఆగింది. అందుకే బయటినుంచి పొట్టిగా, నిరాశగా అనిపిస్తుంది. దాని అందం నేల ప్లానులో ఉంది: ప్రాకారం లోపల ప్రాకారం, అన్ని వైపులా సమానం. లోపలి గోడల్లోపల సాగే సొరంగం లాంటి దారిలో నడవండి, చిన్న గుడి గది రాతి కప్పు చూడండి.

హార్లెక్‌కి కైర్నార్వన్ నుంచి గంట పడుతుంది, సన్న రోడ్లు. దాన్ని విడిగా ఒక పూట పెట్టుకోండి. కొండరాతి అంచు నుంచి కిందికి దిగే మెట్లు 108. ఆ సంఖ్య చూసి మనవాళ్లు దండం పెట్టుకుంటే ఎవరూ ఏమనుకోరు. కోట కట్టిన రోజుల్లో ఆ మెట్ల కిందికి పడవలొచ్చేవి. ఇప్పుడు సముద్రం దూరంగా జరిగి, కింద రైలు పట్టాలున్నాయి. ముట్టడిలో ఉన్న కోటకు తిండి అందించిన దారి అది. 1404లో ఇంగ్లండ్ మీద తిరగబడిన వేల్ష్ నాయకుడు ఓవైన్ గ్లిందూర్ ఈ కోట పట్టుకుని 1409 దాకా నిలిచాడు. తర్వాత ఇంగ్లండ్ సింహాసనం కోసం జరిగిన గులాబీ యుద్ధాల్లో ఈ కోట 1461 నుంచి 1468 దాకా ఏడేళ్లు లొంగలేదు. రైలు దిగినవాళ్లు ఊళ్లోకి ఎక్కాల్సిన రోడ్డు చాలా నిటారు, కాలికి మంచి బూట్లుండాలి.

మఠంలో ఏముంటుంది

కోట నుంచి వచ్చినవాళ్లకు మఠం పది నిమిషాల్లో అయిపోతుంది, ఎక్కడానికి ఏమీ ఉండదు కాబట్టి. లాంగోలెన్‌కు రెండు మైళ్లలో ఉన్న వాలీ క్రూసిస్‌కి మాత్రం గంట ఇవ్వండి. 1201లో మాడాగ్ అప్ గ్రుఫిద్ మైలోర్ అనే వేల్ష్ రాజు సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసుల కోసం స్థాపించాడు, ఎనిమిదో హెన్రీ కాలంలో 1537లో మూతపడింది.

పడమటి ద్వారం నుంచి మొదలుపెట్టాలి. పైన గులాబీ కిటికీ నిలిచి ఉంది. సిలువ ఆకారంలో ఉన్న చర్చి మధ్య నడిచి తూర్పు కొసకు చేరి, దక్షిణాన, ఒకప్పుడు నాలుగు వైపులా వసారా ఉన్న చదరపు స్థలంలోకి దిగండి. తూర్పు వైపు గదులు చెక్కుచెదరలేదు. అందులో చాప్టర్ హాల్ స్తంభాలు చూడాలి: పైన దిమ్మెలు లేకుండా, చెట్టు కొమ్మలు విచ్చుకున్నట్టు తిన్నగా కప్పులోకి కలిసిపోతాయి. సన్యాసుల నియమావళిలో రోజుకొక అధ్యాయం ఇక్కడ చదివేవాళ్లు, అందుకే ఆ పేరు. పైన పడకగది. తర్వాత చర్చి వెనక చెరువు దగ్గరికి వెళ్లండి. మాంసం మానేసిన సన్యాసులు చేపలు పెంచుకున్నది ఇందులోనే. వేల్స్‌లో మిగిలిన మఠపు చేపల చెరువు ఇదొక్కటే. గాలి లేని పొద్దున తూర్పు గోడ మొత్తం నీళ్లలో కనిపిస్తుంది. పక్కనే కారవాన్ల పార్కు ఉంది, ఫొటోలో అది రాకుండా నిలబడే చోటు కూడా ఈ చెరువు గట్టే.

ఫ్లింట్ వైపు వెళ్లేవాళ్లు బేసింగ్‌వెర్క్ మఠం, దాని పైనున్న హోలీవెల్ ఊళ్లో సెయింట్ వినిఫ్రెడ్ బావి కలిపి చూడొచ్చు. ఇప్పటికీ జనం మొక్కుకుని మునిగే నీళ్లవి.

మేడల్లో

మన గడీలు, దివాణాలు తెలిసినవాళ్లకు ఇవి కొత్త కాదు. ముందు హాలు, వెనక పనివాళ్ల ప్రపంచం. చూసే క్రమం తిరగేయండి: ముందు వంటిల్లు, తర్వాత హాలు. రెక్సమ్ దగ్గర ఎర్దిగ్‌లో ఇది బాగా కుదురుతుంది. యార్క్ కుటుంబం తమ పనివాళ్ల చిత్రాలు, ఫొటోలు తీయించి, ఒక్కొక్కరి మీద పద్యాలు రాసి గోడకు తగిలించింది. అలాంటిది ఇంకెక్కడా అంతగా కనిపించదు. బాంగర్ దగ్గర పెన్రిన్ ఇందుకు వ్యతిరేకం. 19వ శతాబ్దంలో నార్మన్ కోటలా కట్టిన మేడ అది. జమైకా బానిసల చెమట, బెతెస్డా పలక గనుల లాభం రెండూ అందులో ఉన్నాయి. విక్టోరియా రాణి కోసం చేయించిన టన్ను బరువు పలకరాతి మంచం చూసి ముక్కున వేలేసుకున్నాక, 1900 నుంచి 1903 దాకా ఆ గని కార్మికులు చేసిన సమ్మె గురించి గదిలో ఉన్న వాలంటీర్‌ని అడగండి. ‘ఈ ఇంట్లో ద్రోహి లేడు’ అని కిటికీల్లో అట్టలు పెట్టుకున్న ఊరు ఆ మేడకు అయిదారు మైళ్ల దూరమే.

లోపల గదులు మసకగా ఉంటాయి. పాత గుడ్డలు, రంగులు వెలుగుకు పాడవుతాయని తెరలు దించుతారు. కాబట్టి ఎండ ఉన్న రోజు వెళ్లడం మంచిది. వీపు సంచి ముందుకి తగిలించుకోమంటారు, పిల్లల బండి బయట పెట్టాలి, ఫొటోకు ఫ్లాష్ వద్దు. తిండి లోపల నిషిద్ధం. తోటలో దుప్పటి పరిచి పులిహోర విప్పితే అభ్యంతరం లేదు. కాఫీహోటల్లో తినే శాకాహారులు రెండు అడగాలి: వెల్ష్ కేకుల్లో పంది కొవ్వు వాడారా, వెల్ష్ రేర్‌బిట్‌లో వూస్టర్ సాస్ పోశారా అని. ఆ సాస్‌లో మామూలుగా చేప ఉంటుంది. గ్లామోర్గన్ సాసేజ్ పేరు చూసి భయపడక్కర్లేదు, అది జున్నుతో చేసేది.

చివరగా, వెల్ష్‌పూల్ దగ్గర పోవిస్ అనే కోట మేడ. ఉత్తరం కాదు, మధ్య వేల్స్. అయినా చర్క్ కోట చూసినవాళ్లు ముప్పై మైళ్ల లోపు దక్షిణానికి వెళితే చాలు. తెలుగువాళ్లు వదలకూడని చోటు. రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ ఈ ఇంటి ఆడపడుచు హెన్రియెటా హెర్బర్ట్‌ని 1784లో పెళ్లాడాడు. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నర్. శ్రీరంగపట్నం పడింది, 1800లో కడప, కర్నూలు, అనంతపురం, బళ్లారి సీమలు దత్త మండలాలుగా నిజాం నుంచి కంపెనీకి దఖలు పడ్డాయి, రెండూ అతని హయాంలోనే. తండ్రీకొడుకులు తెచ్చిన వెయ్యికి పైగా వస్తువులు ఇక్కడున్నాయి. టిప్పు సింహాసనపు బంగారు పులి తల, అతని అద్దకపు నూలుగుడ్డ డేరా ఆ సేకరణలోవే.

ఈ వస్తువులున్నది ప్రధాన గదుల్లో కాదు, ఆవరణలో ఒక పక్కనున్న విడి భాగంలో. మేడంతా తిరిగి అలసిపోయి అది చూడకుండా వెళ్లిపోయేవాళ్లు చాలామంది. తలుపు తెరవగానే ముందు అటు వెళ్లండి. గది చిన్నది, పదకొండున్నర దాటితే అద్దాల ముందు నిలబడే చోటు దొరకదు. తర్వాత మేడ. ఎర్రరాతి గోడల కింద మెట్లు మెట్లుగా దిగే తోటను ఆఖరికి ఉంచండి. అక్కడ తిరిగే నెమళ్లు మాత్రం చేతిలో తిండి కనిపిస్తే వదలవు.